అవ్వ భుజం మీద చెయ్యి

దయ్యాలనీ గాలి సోకిందనీ ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. నారాయణపేటలో డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ప్రింటు తప్పుగా వచ్చిందంటే సెట్టింగు తప్పయినా అయ్యుండాలి, ప్రింటర్ తప్పయినా అయ్యుండాలి. ఈ ఒక్కదానికే నా దగ్గర జవాబు లేదు.

మా అవ్వ, అంటే మా అమ్మ తల్లి, చనిపోయింది. మంచాన పడ్డప్పటి నుంచి కడిగింది, తినిపించింది అంతా మా అమ్మే. మగ్గం మీది నుంచి లేచి లేచి పరుగెత్తేది. చౌటుప్పల్‌లో ప్లాట్లు అమ్ముకునే మా పెద్దమామ దవాఖానకు కూడా రాలేదు. పోయాక మాత్రం పెద్దకొడుకునంటూ దిగాడు.

దినాల కార్డు నేనే టైపు చేస్తున్నాను. మామ నా వెనకే నిలబడ్డాడు. "ఆడపిల్ల పేరెందుకే? కొడుకుల పేర్లే పెట్టు," అన్నాడు. అవ్వకున్న ఒకే ఒక్క మంచి ఫోటోలో అమ్మ పక్కన కూర్చుని, అవ్వ భుజం మీద చెయ్యి వేసి ఉంది. "బతికున్నోళ్లు సచ్చినోళ్ల ఫోటోల ఉండొద్దు. మీ అమ్మను తీసెయ్," అన్నాడు.

ఆ పట్టింపు మాలో ఉన్నదే కాబట్టి పళ్లు కొరుక్కుంటూ తీసేశాను. అమ్మను క్రాప్ చేసి, భుజం మీద మిగిలిన చేతిని చెరిపి, అక్కడ చీర రంగు నింపి ఫోటోను వర్డ్‌లో పెట్టాను.

ప్రింటు తీస్తే చెయ్యి ఉంది. పాత ఫోటో ఫైల్లో దాగి ఉందేమోనని కొత్త ఫైలు చేశాను. పీడీఎఫ్ చేశాను. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎదురు షాపుకు వెళ్లి అక్కడి ప్రింటర్ మీద తీశాను. స్క్రీన్ మీద అవ్వ ఒక్కతే. కాగితం మీద మాత్రం గాజులతో సహా మా అమ్మ చెయ్యి.

నాకు సద్ది తెచ్చిన అమ్మ, చెరిపినా చెయ్యి వస్తోందని విని, ఆ కాగితం చూసి గడపలోనే నిలబడిపోయింది. "పని రాకుంటె షాపెందుకు పెట్టినవే?" అని అరుస్తూ మామ అప్పటిదాకా తీసిన ప్రింట్లన్నింటినీ చింపి పారేశాడు.

నాకు తిక్క రేగింది. "అవ్వ ఉచ్చబట్టలు పిండిన చెయ్యి మామా అది! నీకు సిగ్గుండాలె!" అన్నాను. కొడుకుల పేర్ల పైన అమ్మ పేరు టైపు చేశాను. మామ విసురుగా బయటికి పోయాడు.

మళ్లీ ప్రింటు ఇచ్చాను. ఫోటో తేటగా వచ్చింది. చెయ్యి లేదు.

గెలిచాననుకుని కార్డు అమ్మకిచ్చాను. ఆమెకు చదువు రాదు. ఫోటోను వేలితో తడిమి, "నా చెయ్యేది బిడ్డా?" అంది.

పేరు చూపించాను. పట్టించుకోలేదు. అసలు ఫోటో చేతిలో పెడితే పక్కకు నెట్టేసింది. "గది మేం దిగింది. అవ్వ పోయినంక వచ్చిందే నాక్కావాలె."

ఆ పేరు తీసేసి కూడా ప్రింటు ఇచ్చి చూశాను. చెయ్యి మళ్లీ రాలేదు. ఎందుకొచ్చిందో, ఎందుకు పోయిందో ఈనాటికీ చెప్పలేను. అమ్మకివ్వడానికి ఆ మామ ఒక్క కాగితమైనా మిగల్చలేదు.