నీడ పోయిందా అమ్మాయ్?

మా సైన్సు మాస్టారు పోయారని అమ్మగారే ఫోన్ చేసి చెప్పారు. మాస్టారి భార్యని మేమంతా అలాగే పిలుస్తాం. "పొద్దున్న కాఫీ తాగి, డాబా మీదికెళ్ళి మబ్బులు చూసొచ్చి కుర్చీలో కూర్చున్నారమ్మా. మళ్ళీ లేవలేదు," అన్నారు. ఆవిడ గొంతు నిబ్బరంగానే ఉంది. నాకే ఏడుపు ఆగలేదు.

అది జూలై మూడో వారం. ఇంకో రెండు వారాల్లో ఆయన నాకు ఫోన్ చేసే రోజు వస్తుంది. నేను టీచర్నయినప్పటి నుంచీ ఏటా ఆ ఒక్కరోజు మధ్యాహ్నం పన్నెండుంపావుకి చేసేవారు. పలకరింపులేవీ ఉండవు. ఒకటే ప్రశ్న: "నీడ పోయిందా అమ్మాయ్?"

ఆ ప్రశ్న సంగతి చెప్పాలంటే నా ఎనిమిదో తరగతికి వెళ్ళాలి. మాది కొవ్వూరులో చేపలు పట్టే కుటుంబం. నాన్న పడవ మీద, అమ్మ బజార్లో గంప ముందు. ఒకరోజు క్లాసులో మాస్టారు, "మిట్టమధ్యాహ్నం మన నీడ ఎక్కడుంటుంది?" అని అడిగారు. నేను గభాల్న లేచి, "ఉండదండీ, కాళ్ళ కిందికి పోతుందండీ," అన్నాను.

"చూశావా?"

"చూడక్కర్లేదండి, అందరికీ తెలిసిందేగా!"

"అయితే వెళ్ళి చూసిరా."

డిసెంబరు నెల. పన్నెండింటికి వెళ్ళి ఎండలో నిలబడితే, దాదాపు నా అంత పొడుగు నీడ ఉత్తరం వైపు తాపీగా పడుకుని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వరసగా నాలుగు రోజులు వెళ్ళి చూశాను. తప్పు సూర్యుడిదేనని గట్టిగా నమ్మాను కూడా. ఐదో రోజు మాస్టారు పిలిచి, మన వైపు నీడ పూర్తిగా మాయమయ్యే మధ్యాహ్నాలు ఏడాదికి రెండేనని చెప్పారు. మే మొదట్లో ఒకటి, ఆగస్టు మొదట్లో ఒకటి. ఆ రెండు రోజులే సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడట. "మేలో బడికి సెలవులు, ఆగస్టులో ఆకాశానికి మబ్బులు. మన ఖర్మ చూశావా!" అని నవ్వారు.

అయినా ఆయన ఊరుకునే మనిషా! మేలో సెలవుల మధ్యలో, మజ్జిగ పోస్తానని ఆశపెట్టి మా అందర్నీ బడికి రప్పించారు. ఆవరణలో ఒక కర్ర పాతాలి, అది ఏ మాత్రం ఒరగకుండా నిలువుగా ఉండాలి. నిలువు చూడటానికి దారానికి బరువు కట్టి వేలాడదీయాలి. బరువుకేం చెయ్యాలా అనుకుంటుంటే నేను ఇంటికి పరిగెత్తి, నాన్న వలకున్న సీసం గుండొకటి కోసి పట్టుకొచ్చాను. ఆ సాయంత్రం ఇంట్లో నాకు పెళ్ళే అయింది. మర్నాడు మాస్టారు స్వయంగా ఆ గుండు పట్టుకుని మా ఇంటికొచ్చి క్షమాపణ చెప్పారు. నాన్న కంగారు పడిపోయి, "ఉంచుకోండి బాబూ! ఒక్క గుండు లేపోతే గోదాట్లో చేపలన్నీ పారిపోవులెండి," అన్నాడు.

కానీ అంతకుముందు, ఆ మధ్యాహ్నం, ఆ కర్ర నీడ జానెడయింది, బెత్తెడయింది, వేలెడయింది, లేదు. మేం పెట్టిన కేకలకి రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. మాస్టారైతే మాకన్నా గట్టిగా అరిచారు. అప్పటికి ఆయన దాన్ని ఎన్నిసార్లు చూసి ఉంటారో!

ఆయన దగ్గర ఒక రేకు పెట్టె ఉండేది. ఆ కర్ర, మా నాన్న గుండు, చేత్తో బొమ్మలు గీసి జెరాక్సు తీయించిన పాఠాలు, పాత మందు సీసాల్లో ఇసుక. భద్రాచలం, పోలవరం, కొవ్వూరు, అంతర్వేది అని వాటికి చీటీలు. వరసగా అరచేతిలో పోసుకుంటే నది దిగువకు వచ్చేకొద్దీ రేణువులు ఎలా నలిగి సన్నబడతాయో వేళ్ళకే తెలిసేది. వరదకి గోదావరిలో ఎర్రనీరు రాగానే ఒక గాజు జాడీ నింపి క్లాసు కిటికీలో పెట్టేవారు. మర్నాటికి పైన నీళ్ళు తేరేవి, అడుగున ఒండ్రు. "మీరు కూర్చున్న నేల ఇదేనర్రా, అలాగని కాళ్ళు పైకెత్తుకుని దణ్ణాలు పెట్టకండి," అనేవారు. ఆ ఎర్రనీటి కోసం ముందుగా మా అమ్మ గంప దగ్గరికొచ్చి వాకబు చేసేవారు. "చేపలు కొనరు గానీ, నీళ్ళెంత దూరం వచ్చాయని అడుగుతారేంటే మీ మాస్టారు!" అని అమ్మ ఇంటికొచ్చి నా మీద విసుక్కునేది.

ఆయన పట్టుబట్టిన మాట ఒక్కటే. "కనపడింది రాయండి. కనపడకపోతే కనపడలేదని రాయండి. అదీ పరిశీలనే." ఆగస్టులో మబ్బు పట్టి ఏమీ కనిపించకపోయినా, నోట్సులో 'మబ్బు' అని రాయించి, దానికీ రైటు కొట్టేవారు.

ఆయన రిటైరయ్యాక ఆ పెట్టె నాకిచ్చేశారు. అప్పటికి నేను నిడదవోలు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచర్ని. మొదటి మూడేళ్ళు శ్రద్ధగా వాడాను. తర్వాత మా క్లాసుకి పెద్ద తెర వచ్చింది. అందులో గ్రహాలు గిర్రున తిరుగుతాయి, భూమి పొరలు పొరలుగా విడిపోతుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. మాస్టారు ఒకసారి వచ్చి, వాళ్ళతో పాటు కింద కూర్చుని తనూ నోరు తెరుచుకుని చూశారు. "ఎంత బావుందమ్మా! ఇది చూపించాక బయటికి కూడా తీసుకెళ్తున్నావుగా?" అన్నారు. "తీసుకెళ్తున్నానండి," అన్నాను. పెట్టె స్టోర్ రూమ్‌లో విరిగిన బెంచీల కింద ఉంది.

రెండేళ్ళ క్రితం ఆగస్టులో ఫోన్ వచ్చేసరికి నేను స్టాఫ్ రూమ్‌లో మధ్యాహ్న భోజనం ఫోటోలు యాప్‌లోకి ఎక్కిస్తూ సతమతమవుతున్నాను. "నీడ పోయిందా అమ్మాయ్?" అన్నారు. "పోయిందండి మాస్టారూ! పిల్లలు ఒకటే చప్పట్లు!" అన్నాను. "సరేనమ్మా, సంతోషం," అని పెట్టేశారు. తలెత్తి కిటికీలోంచి చూస్తే బయట సన్నగా జల్లు పడుతోంది. కొవ్వూరు ఎంత దూరం కనుక! అక్కడా పడుతూనే ఉంటుంది. సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంటే సరిపోయేది. చెయ్యలేదు. కిందటేడు మళ్ళీ అడిగారు, మళ్ళీ అదే అబద్ధం చెప్పాను.

దినాలకి కొవ్వూరు వెళ్ళినప్పుడు అమ్మగారు నన్ను లోపలికి పిలిచి, అట్ట చిరిగిన నోట్సు ఒకటి చేతిలో పెట్టారు. "నీడల పుస్తకమమ్మా. నీకిమ్మని ఎప్పుడో చెప్పారు," అన్నారు. ప్రతి ఏడాదికీ ఒక పేజీ. పైన 'మా డాబా', కింద 'అమ్మాయి బడి'. నా మొదటి మూడేళ్ళూ నేను ఫోన్లో చెప్పింది చెప్పినట్టే ఉంది. రెండేళ్ళ క్రితం పేజీ తీయడానికి నాకు చెయ్యి రాలేదు. అమ్మగారే తీశారు. 'మా డాబా: మబ్బు, జల్లు.' దాని కింద అదే గుండ్రటి అక్షరాలతో, 'అమ్మాయి బడి: చూడలేదు. పని ఒత్తిడి పాపం. వచ్చే ఏడు చూస్తుంది.' కిందటేడు పేజీలోనూ అదే మాట, 'వచ్చే ఏడు చూస్తుంది.'

ఆయనకి తెలుసు. ఒక్క మాట అనలేదు, నన్ను నమ్మడమూ మానలేదు. అమ్మగారి ఒళ్ళో తలపెట్టి చిన్నపిల్లలా ఏడ్చాను.

ఆగస్టులో ఆ రోజు రాగానే బెంచీలు లాగించి పెట్టె బయటికి తీశాను. ఎనిమిదో తరగతి పిల్లలు కర్ర పాతారు. దారానికి కట్టిన మా నాన్న గుండు కర్ర పక్కన కదలకుండా నిలబడింది. పదకొండింటి దాకా ఎండ బాగానే కాసింది, చేతిపొడుగు నీడ కూడా కనబడింది. పన్నెండు కాకముందే నల్లగా కమ్ముకొచ్చింది. నీడా లేదు, ఎండా లేదు. ఎవరమూ లోపలికి వెళ్ళలేదు. పన్నెండు దాటి పది నిమిషాలైంది. చినుకులు మొదలయ్యాయి.

"పోయిందని రాసేద్దామా టీచర్?" అంది ముందు నిలబడ్డ పిల్ల. "ఎలాగూ ఈపాటికి పోయే ఉంటదిగా!"

"కనపడిందా?"

"లేదండి."

"అయితే కనపడలేదని రాయమ్మా. అదీ పరిశీలనే."

పన్నెండుంపావుకి చేతిలో ఉన్న ఫోన్ వైపు చూశాను. మోగలేదు. గొడుగు కింద మాస్టారి నోట్సు తెరిచి, ఖాళీ పేజీ మీద 'మా డాబా' అని రాసి, ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేశాను. దాని కింద రాశాను: 'అమ్మాయి బడి: మబ్బు. కనపడలేదు. అందరం బయటే ఉన్నాం మాస్టారూ.'