గుమ్మం మీది వంకర సూర్యుడు

బెర్నడెట్ కినీలీ నోట రెండే తీర్పులు వచ్చేవి. "ఇది ఈ ఇంటిది", "ఇది ఈ ఇంటిది కాదు." మూడోది లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పాత విక్టోరియన్ ఇల్లు బాగుచేయించాలనుకున్నవాళ్లు ముందు ఆమెకే కబురు పెట్టేవారు. ఆమె వచ్చి రోడ్డుకు అవతల నిలబడి, ఒక సిగరెట్టు పూర్తిగా కాల్చి, అప్పుడు నోరు విప్పేది. ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ గూడుకు పక్కలు ఏటవాలుగా ఉంటే ఇటాలియనేట్ తరహా ఇల్లు. మూలన బురుజు, పైన ముక్కోణపు కప్పు, దాని నిండా చెక్కుడు పని ఉంటే క్వీన్ ఆన్. ఈ మాత్రం ఎవరైనా చెబుతారు. ముఖమంతా కప్పేసుకున్న ఇంటికి కూడా వయసూ వంశమూ చెప్పడం బెర్నడెట్‌కే చాతనయ్యేది.

ముఖం కప్పిన పాపం ఆ ఊరివాళ్లదే. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమ్మకందార్లు ఇంటింటికీ తిరిగి, "ఇక జన్మలో రంగులు వేయించక్కర్లేదు" అని ఊరించి, చెక్కుడు పనంతా పీకి పారేసి, ఆస్‌బెస్టాస్ రేకులు దిగగొట్టి పోయారు. జనం సంబరపడ్డారు కూడా. బుద్ధి గడ్డి తినడమంటే అదే. ఇప్పుడు వాళ్ల పిల్లలు ఆ రేకులు ఊడదీయిస్తున్నారు.

అయితే పీకినా నీడ మిగులుతుంది. చెక్కుడు ముక్క చుట్టూ వేసిన రంగు దాని కిందికి పోదు కదా! ముక్క ఊడిపోయాక గోడ చెక్క మీద దాని ఆకారం అచ్చుపడినట్టు కనిపిస్తుంది. బెర్నడెట్ ఆ నీడ మీద పల్చటి కాగితం పెట్టి గీసుకుని, పోయిన ముక్కను మళ్లీ చెక్కేది. ఓడల వడ్రంగి కూతురు మరి. ఆమె ఉలి దారం పట్టినట్టు తిన్నగా పోయేది.

తిన్నగా లేనిదేదైనా ఆమెకు కంట్లో నలుసే. భర్త ట్రాము నడిపేవాడు, చిన్న వయసులోనే గుండె ఆగి పోయాడు. మిగిలింది కొడుకు ఎమ్మెట్. వాడికి కాస్త వయసు రాగానే ఉలి చేతికిచ్చింది. వాడు చెక్కిన మొదటి ఆకును తిప్పి తిప్పి చూసింది.

"ఇదేంట్రా, కుక్క నమిలినట్టుంది?"

"ఆ కుక్క ఎంత కష్టపడిందో నీకేం తెలుసమ్మా!" అని వాడు నవ్వాడు.

"నవ్వులాట కాదు. నీ చేతికి ఉలి అచ్చిరాదు. వేరే పనేదైనా చూసుకో."

వాడు మళ్లీ ఆమె ముందు ఉలి పట్టలేదు. శనివారాలు పొద్దున్నే ఎక్కడికో పోయేవాడు. అడిగితే బేస్‌బాల్ అనేవాడు. ఆ తర్వాత సైన్యం పిలిచింది. వియత్నాం వెళ్లి పెట్టెలో తిరిగొచ్చాడు. చర్చిలో ఆ పెట్టె ముందు కూడా తల్లి కంట నీటిచుక్క రాలేదని వీధిలో చెప్పుకున్నారు. ఏడుపు అందరికీ ఒక్కలా రాదు. ఆ సంగతి చెప్పుకునేవాళ్లకేం పట్టింది?

కొన్నేళ్లు గడిచాక మిసెస్ జానెట్టీ ఇల్లు ఆమె చేతికొచ్చింది. మిసెస్ జానెట్టీ ఒంటరి ముసలామె. మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, స్టాక్టన్ ఊళ్లో చెల్లెలి దగ్గర ఉంది. మాటలన్నీ ఫోన్లోనే జరిగాయి.

"బెర్నడెట్ కినీలీవే కదూ? ఇంకేం అమ్మాయ్, ఆ ఇంటి సంగతి నీకు నేను చెప్పాలా! నీకెలా తోస్తే అలా చెయ్యి" అంది ముసలామె. మర్యాదకు అంటోందనుకుంది బెర్నడెట్.

రేకులు తీయగానే ఇల్లు ఇటాలియనేట్ అని తేలిపోయింది. బెర్నడెట్ మెట్లెక్కి, రేకులు కొట్టకుండా వదిలేసిన గుమ్మం పైకి చూసి మొహం చిట్లించింది. అక్కడ అర సూర్యుడు బిగించి ఉన్నాడు, విసనకర్రలా విచ్చుకున్న కిరణాలతో. ఇటాలియనేట్ గుమ్మానికి సూర్యుడేమిటి? అది క్వీన్ ఆన్ ఇళ్ల సొగసు. నిచ్చెనెక్కి చాకుతో గీకింది. రంగు ఒక్క పూతే. అంటే మొన్నమొన్నటి పని. కిరణాల్లో ఒకటి లావు, ఒకటి సన్నం, ఇంకోటి పక్కదాని భుజం మీద వాలిపోయింది.

"రుఫీనో, ఇలా వచ్చి ఈ విడ్డూరం చూడు. ఎవడో వెన్న రాసుకునే కత్తితో చెక్కాడు."

రుఫీనో ఆమె దగ్గర ఎన్నాళ్లుగానో పనిచేస్తున్న ఎల్ సాల్వడార్ దేశపు వడ్రంగి. ఆమెను తన భాషలో సెన్యోరా, అంటే అమ్మగారూ, అనేవాడు. "తాగి చెక్కాడేమో సెన్యోరా. సూర్యుడిక్కూడా కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు.

ఇద్దరూ పగలబడి నవ్వారు. బెర్నడెట్ నీలం సుద్దతో సూర్యుడి మీద అడ్డంగా, నిలువుగా రెండు గీతలు గీసింది. "ఇది ఈ ఇంటిది కాదు" అని అర్థం.

సుద్దగీత పడ్డ చెక్క వీధిలో పెట్టిన ఇనప పీపాలోకి పోవాలి. పనివాళ్లందరి పద్ధతీ అదే. ఆ ఊళ్లో నడివేసవిలో కూడా పొగమంచు ఎముకలు కొరుకుతుంది, పీపాలో నిప్పు లేకపోతే వేళ్లు పనికి వంగవు. ఆ సూర్యుడు ఎండు రెడ్‌వుడ్ చెక్క, బాగా మండాడు. బెర్నడెట్ కాఫీ తాగుతూ ఆ మంట మీద చేతులు కాచుకుంది.

గోడలకు రంగులయ్యాయి. గుమ్మం ఒక్కటే మిగిలి ఉండగా మిసెస్ జానెట్టీ కర్ర పట్టుకుని దిగింది. ఇంటిని చూసి చేతులు జోడించింది. మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, గుమ్మం పైకి చూసింది.

"ఎమ్మెట్ సూర్యుణ్ణి లోపల దాచావా? మంచి పని చేశావు. అక్కడుంటే పొగమంచుకి పాడైపోతాడు."

"ఏ ఎమ్మెట్?" అంది బెర్నడెట్.

"ఏ ఎమ్మెట్ అంటావేంటే తల్లీ! నీ ఎమ్మెట్టే. శనివారం వచ్చిందంటే నా పెరట్లోనే ఉండేవాడుగా! నా ముసలాయన ఉలులు వాడికిచ్చాను. వాడు చెక్కేవాడు, నేను సూప్ కాచి పోసేదాన్ని. ఎన్ని చెక్కలు పాడుచేశాడో! నీకు మాత్రం చెప్పొద్దన్నాడు. 'ఏదో ఒకరోజు మా అమ్మ ఈ మెట్లెక్కి పైకి చూస్తుంది. ఎవడు చెక్కాడిది అని అడుగుతుంది. నేనే అంటాను' అనేవాడు. సైన్యానికి వెళ్లే ముందు తనే నిచ్చెనెక్కి బిగించి పోయాడు. వాడు పోయాడని విన్నాక నీ దగ్గరికి రాబోయి ఆగిపోయా. తల్లికి తెలీకుండా ఉంటుందా అనుకున్నా."

పక్కనే ఉన్న రుఫీనో టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

"తీసుకురా, ఒక్కసారి చూస్తాను" అంది ముసలామె.

"లేదు. కాల్చేశాం" అంది బెర్నడెట్. "నేనే గీత పెట్టాను. నవ్వాను కూడా. ఆ మంట మీద చలి కాచుకున్నాను."

మిసెస్ జానెట్టీ మెట్టు మీద కూలబడింది.

బెర్నడెట్ కన్ను తప్పు చూడలేదు. అది ఆ ఇంటిది కాదు, కొత్తది, వంకరది. చూసినవన్నీ నిజమే. అంత నిజం చూసిన తల్లి తన పిల్లాడి చేతిని పోల్చుకోలేకపోయింది. ఈ దుఃఖానికి ఓదార్పు నాకైతే తెలీదు.

ఆమె నిచ్చెనెక్కింది. గుమ్మం పైన తెల్లరంగు మధ్యలో పాత గోధుమరంగు చెక్క అర చక్రంలా బోసిగా ఉంది. అంచున కిరణాల కొనలు వంకరటింకరగా అలాగే ఉన్నాయి, లావుదీ, సన్నదీ, వాలిపోయిందీ. నీలం గీత కొస ఒకటి సూర్యుణ్ణి దాటి తెల్లరంగు మీదికి పాకింది. దాన్ని చొక్కా చేతితో తుడిచింది. తుడుస్తూనే ఉంది. పెట్టె ముందు రాని ఏడుపు అప్పుడొచ్చింది, నిచ్చెన కదిలేంతగా. రుఫీనో కింద నిచ్చెనను రెండు చేతులా పట్టుకున్నాడు.

నిచ్చెన వదలకుండానే అతనన్నాడు. "నీడ ఉందిగా సెన్యోరా. ఇలాంటి నీడల్నించి మీరు ఎన్ని చెక్కలేదు! ఇదీ చెక్కండి."

"నా వల్ల కాదు రుఫీనో. నా చెయ్యి తిన్నగా పోతుంది. వాడిలా చెక్కడం నాకు రాదు."

గుమ్మానికి రంగు వేశారు, ఆ అర చక్రం మాత్రం వదిలేశారు. ఇల్లు చూడవచ్చినవాళ్లు, ఇంత బాగా చేసిన పనిలో ఈ బోసి మచ్చ ఏమిటని అడిగేవారు. బెర్నడెట్ సిగరెట్టు పారేసి, పైకి చూసి చెప్పేది.

"అది ఈ ఇంటిదే."