గుండుతోని బస్సెక్కిన మా భద్రమ్మక్క

నిన్న పొద్దుగాల ఫోన్ మోగంగనే ఎవరికేమైందో అని భయమైంది.

నాకు ఎవరి ఫోన్ వచ్చినా గట్లనే అయితది. తీరా ఎత్తితే కూరేం వండినవ్ అని అడుగుతరు. అందరు నన్ను చూసి నవ్వుతరు.

నిన్న ఎవరు నవ్వలే.

భద్రమ్మక్క పోయింది.

మా ఇంటి పెద్ద కోడలు. నా యారాలు. నేను చిన్న కోడలిని. ఒక్క పొయ్యి కాడనే ఇద్దరం ముసలోళ్ళమైనం.

చాయ పెట్టుకుని అరుగు మీద కూసున్నదట. గ్లాసు చేతుల ఉండంగనే పక్కకు ఒరిగిందట.

నేను కండ్లు చూపిచ్చుకుందామని ఖమ్మంల మా బిడ్డ ఇంటికి పోయి ఉన్న. బస్సు ఎట్ల ఎక్కిననో ఎట్ల దిగిననో ఎరుకలేదు. మా బిడ్డే పట్టుకుని తోలుకొచ్చింది. నేను వచ్చేదాక ఆపిన్రు.

నాది ఐదో తరగతి చదువు. కాగితం మీద రాసిచ్చిన, మా బిడ్డ కంప్యూటర్ల ఎక్కిస్తున్నది. మనోళ్ళందరు దీంట్లనే చూస్తరంట. తప్పులుంటే నావే.

ఏడ్వనీకె కూడ ఓపిక లేదు. మనసుల ఒక్కటే తిరుగుతున్నది.

అక్క మనవరాలు శ్రావణికి ఖమ్మంల నర్సింగ్ సీటు వచ్చింది. రేపే లాస్ట్ డేట్. పోయి చేరకపోతే సీటు వేరేవాళ్ళకు ఇస్తరట. ఇంట్ల అందరు వద్దంటే అక్క ఒక్కతే పట్టుబట్టింది, నేనే తీస్కపోత అన్నది.

ఇప్పుడు మైల. పెద్దకర్మ అయ్యేదాక గడప దాటొద్దు అంటున్నరు.

నిన్నంత పిల్ల మూలకు కూసుని నాయనమ్మ చీర మడత పెట్టింది, మళ్ళ ఇప్పింది. 

అక్క గురించి ఏమని రాయాలె. కుదురుగ ఇంట్ల ఉన్న రోజు లేదు. అడవిల ఏ అంగడి ఉంటే ఆడికి పోయేది. గూడెపోళ్ళతోని వాళ్ళ భాషల్నే కొట్లాడేది, వాళ్ళ ఇంట్లనే తిని వచ్చేది. బావ వద్దంటున్నా ట్రాక్టర్ నేర్చుకుని మా గేటు దిమ్మె కూలగొట్టింది. దిమ్మె అడ్డం ఎవరు కట్టమన్నరు అని బావనే తిట్టింది.

ఆమె తిరుగుడు, నా మొక్కుడు. గిట్లనే గడిచింది మాకు.

ఒక వానకాలం అక్క గోదావరి అవతల తన బిడ్డ ఊరికి పోయింది. వాగులు పొంగినయ్. బస్సులు బంద్. ఆ దిక్కు అప్పుడు ఫోన్లు కూడ లేవు. నాకు ముద్ద దిగలే. అక్క పానంతోని వస్తే అక్క తలనీలాలు ఇప్పిస్తనని భద్రాచలం రామయ్యకు మొక్కిన.

అక్కకు మోకాళ్ళ దాక జుట్టు.

ఆఖరికి వెదురు లారీల కూసుని వచ్చింది, మొక్కజొన్న కంకి తినుకుంట. మొక్కు సంగతి చెప్పిన.

"నా జుట్టెందుకు మొక్కినవే? నీకు లేదా?"

"నాదేముందక్కా, ఎలుక తోకంత. దేవుడు ఏం జేసుకుంటడు."

కంకి పక్కన పెట్టి, కడుపు పట్టుకుని నవ్వింది. నీళ్ళు తగ్గంగనే మమ్మల్నందరిని తీస్కొని భద్రాచలం పోయి గుండు చేయించుకున్నది.

వాపస్ వచ్చేటప్పుడు బస్సుల కండక్టర్ ఆమె మొకంల బొట్టు చూసుకోలే.

"అయ్యో పెద్దమ్మా, పెద్దాయన ఎప్పుడు కాలం చేసిండు?"

"ఇగో, నా పక్కన్నే కూసున్నడు. పోయిండో ఉన్నడో ఆయన్నే అడుగు. ఉన్నడంటే టికెట్ కొట్టు."

బస్సంత నవ్వింది. బావ కిటికీ దిక్కు తిరిగిండు. నేను మాత్రం ఆ మాటకు బావకేమన్న అయితదేమోనని మనసుల ఇంకో మొక్కు మొక్కిన.

తర్వాత ఒక పెండ్లిల ఎవరో పెద్దామె అన్నది, గుండుతోని ముందుకు రాకు, బాగుండదు అని.

"జుట్టు దేవునికిచ్చిన అత్తా, మొగుణ్ణి ఇయ్యలే" అని పోయి అందరికంటె ముందు అక్షింతలు వేసింది.

మొన్న మా బిడ్డ వచ్చి నన్ను ఖమ్మం తీస్కపోతుంటే శ్రావణి మాట వచ్చింది. ఆడపిల్ల, హాస్టల్, అంత పెద్ద టౌను, నాకు భయమైతుంది అక్కా అన్న.

"నీకు ఇంట్ల కూసున్నా భయమే గదనే. ఆ భయపడేదేదో బస్సుల కూసుని పడు. నాలుగు ఊర్లన్న కనపడతయ్."

అదే ఆఖరి మాట మా ఇద్దరికి.

నిన్న అంత అయిపోయి, అందరు స్నానాలు చేసి కూసున్నరు. మా అక్క కొడుకు, శ్రావణి నాయన, గోడకు ఆనుకుని ఉన్నడు. వాని దగ్గర కూసున్న.

"పిల్లను ఎల్లుండి నేను తీస్కపోత బిడ్డా."

వాడు నన్ను వింతగ చూసిండు.

"నువ్వా చిన్నమ్మా? ఒక్కదానివి పక్కనున్న దమ్మపేట అంగడికి కూడ పోలే నువ్వు."

"అవ్. పోలే."

"మైల గదా. ఊర్ల ఏమంటరు?"

"అననీ. మీ అమ్మ ఉంటే ఏమంటుండెనో నాకెరుక, నీకెరుక."

 వాడు కండ్లు తుడుచుకున్నడు. తర్వాత లోపలికి చూసుకుంట అన్నడు.

"శ్రావణీ, సర్టిఫికెట్లు తడవకుంట కవర్ల పెట్టుకో."

పిల్ల అప్పటిదాక ఏడ్వలే. అప్పుడు ఏడ్చింది.

నాకు ఇప్పటికి దడ తగ్గలే. బీపీ గోలీ వేసుకున్న. బస్సుల సీటు దొరుకుతదో లేదో, ఆఫీసు ఏ దిక్కుంటదో, పిల్ల ఆడ కడుపు నిండ తింటదో లేదో.

అయినా పోతున్న. మనోళ్ళు ఎవరన్న తప్పనుకుంటే నన్నే అనుకోండ్రి. పిల్లను ఒక్క మాట అనకండ్రి.

పోయిరా అక్కా. చానా తిరిగినవు. ఇగ నిమ్మళంగ పండుకో.