బొంత నడుమ

మే నెలలో కడపలో బొంత కుట్టించడానికి పోయినదాన్ని బహుశా నేనొక్కదాన్నే. అంగడాయన ఫ్యాను నా వైపు తిప్పి, మంచినీళ్లు ఇచ్చి, నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు.

అమ్మ పోయినప్పటి నుంచి నాది అదే మొహం. ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే వాళ్ల వీపు నిమిరి పంపించాను. కర్మకు వంటలేం చేయిద్దామంటే ఏదో ఒకటి అన్నాను. గోడకు ఏ ఫోటో పెడదామంటే ఏదో ఒకటి. కమలాపురం దగ్గర మా చేనులోనే అమ్మను పూడ్చాం. సమాధిని మా వైపు బొంద అంటారు. దానికి ఏ రంగు టైల్సు వేయిద్దామని తమ్ముడు అడిగితే అప్పుడూ అదే మాట. "నీకేమన్నా పట్టిందా అక్కా?" అని కసురుకుని తెల్లవి అని వాడే తేల్చాడు. పట్టలేదు, నిజమే.

సంచిలోంచి తీసి బల్ల మీద పరిచిన బొంత అమ్మ సగంలో వదిలేసింది. ఆమె పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచు దగ్గర కుట్టు మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ తిరుగుతూ నడుమకు వచ్చేది. ఏ రంగు దారం చేతికి దొరికితే ఆ రంగు. ఆఖర్లో ఆమెకు ఎండాకాలంలోనూ చలే. ఇది అయిపోతే కప్పుకుంటానని తొందరపడింది. నడుమ చేట అంత జాగా మిగిలిపోయింది. బీరువా తెరిచినప్పుడల్లా అది కనబడి నాకు చిరాకు. మిషన్ మీద కుట్టించి పారేస్తే ఒక పని అయిపోతుందనుకున్నాను.

అంగడాయన డిజైన్ల అట్ట ముందు పెట్టాడు. గళ్లు, అలలు, పూలతీగ. లోపల దూది పెట్టమంటారా, ఫైబర్ షీటా అన్నాడు. అడుగుకు పాప్లిన్ వేస్తే ఉతుక్కోవడం సులువన్నాడు. నేను అట్ట వైపు చూస్తూ కూర్చున్నాను. ఏదైనా ఒకటే.

"ఈ చేతికుట్టు వంకరటింకరగా ఉండాదమ్మా. ఇదంతా ఇప్పేసి కొత్తగా కుడితే గళ్లు నీటుగా కూర్చుంటాయి."

"మీ ఇష్టం," అన్నాను.

ఆయన కత్తెర మొనతో మూల కుట్టు ఒకటి ఎత్తాడు. అప్పుడే ఫోను మోగింది. తమ్ముడు. చేను దగ్గరున్నట్టున్నాడు, అటు గాలి హోరు, ఇటు మిషన్ల చప్పుడు.

"యాడుండావక్కా?"

"అంగట్లో. అమ్మ బొంత పని చేయిస్తాండా. డిజైను చెప్పమంటాండారు."

"మళ్లా డిజైనేంది? తెల్ల టైల్సని మేస్త్రీకి చెప్పినా గదా."

"గళ్లు బాగుంటాయంటాండాడీయన. లోపల దూది పెట్టాల్నా, ఫైబరా అని అడుగుతాండాడు."

"లోపల దూదేందక్కా!" అని అరిచాడు. "లోపల అమ్మ ఉండాది."

వాడు దేని గురించి మాట్లాడుతున్నాడో నాకు తట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"బొంతరా. బొంద కాదు. కప్పుకునే బొంత. అమ్మ కుట్టింది, నడుమ మిగిల్నింది చూడు, అది."

వాడు నవ్వాడు. నవ్వుతూనే ముక్కు ఎగబీల్చి ఫోను పెట్టేశాడు.

కత్తెర మొన ఇంకా దారం కిందే ఉంది.

"ఇప్పొద్దు," అన్నాను. గొంతు నాకే గట్టిగా వినిపించింది. "చుట్టూ ఉండేదాన్ని ముట్టుకోవద్దు. నడుమ ఒక్కటే కుట్టండి."

"నడుమ ఉబ్బుతాదమ్మా. చూసినోళ్లు నన్నే తిడతారు."

"ఉబ్బనీ."

"లోపల?"

"ఏమీ వద్దు. ఉన్న చీరలు చాలు."

"డిజైనన్నా చెప్పండి."

"చుట్టూ తిరుగుతూ మధ్యకు రావాల."

అలాంటిది అట్ట మీద లేదు. ఆయన నన్నొకసారి చూసి, సుద్దముక్క తీసుకుని, అమ్మ ఆగిన చోటి నుంచి గీత గీయడం మొదలుపెట్టాడు.

ఆయన చెప్పినట్టే నడుమ ఉబ్బింది. బాగుందని అనలేను. మిషన్ కుట్టు సన్నగా, బిగువుగా ఉంది. అమ్మ కుట్టు దాని పక్కన పల్లెటూరి మనిషిలా ఉంది. మడత పెట్టి మళ్లీ బీరువాలోనే పెట్టాను.

తర్వాతి వారం తమ్ముడు వచ్చాడు. ఎండకు తారు మెత్తబడే మధ్యాహ్నం. అన్నం తిని, "యాడుందక్కా బొంత?" అన్నాడు, చివరి అక్షరం ఒత్తి మరీ. తీసిచ్చాను. చాప మీద పడుకుని గొంతు దాకా కప్పుకున్నాడు.

"ఉడికిపోతావురా, తీసెయ్."

"ఉండనీక్కా."

నుదుటి మీద చెమట కారుతుండగానే నిద్రపోయాడు. ఫ్యాను పెంచి వాడి పక్కన కూర్చున్నాను. అమ్మ పోయాక అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.