మాస్టారు నమ్మిన జ్వరం

మా ఊళ్లో ఆడపిల్లలకి నెలనెలా జ్వరం వస్తుంది. ఇదేం వింత రోగమని కంగారుపడకండి. గొలుగొండ పక్క చెరకు పండించుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకి ఎవరికైనా తెలుసు. బడికి రాకపోయినా, పెళ్లికి వెళ్లకపోయినా, గుళ్లో అడుగుపెట్టకపోయినా, మగవాళ్లు అడిగితే "జొరం" అనేస్తే చాలు. ఇంకెవరూ ఆరా తీయరు. మా అమ్మ అదే అంది, నేనూ అదే అన్నాను. అందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ వాదిస్తాను.

చిక్కల్లా ఏమిటంటే, నర్సీపట్నం గ్రౌండులో మాకు పరుగు నేర్పే మాస్టారు ఆ మాట నమ్మేశారు.

నేను ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేదాన్ని. ఇంటర్ చదువుతూ, తెల్లారి మొదటి బస్సుకే గ్రౌండులో దిగేదాన్ని. మాస్టారి నోరు పెద్దది, మనసు వెన్న. "బేగి లగెత్తవే గుంటా, ఎనకాల కుక్కలొస్తన్నాయి!" అని అరిచేవారు. అలాంటి మనిషి, నాకు ఊరికూరికే జ్వరమొస్తోందని దిగులుపడి, ఓ రోజు థర్మామీటరు కొనుక్కొచ్చారు. అందరి ముందూ నా నాలుక కింద పెట్టించారు. జ్వరం ఉంటే కదా!

"జొరం లేదు కదే?"

చుట్టూ మగపిల్లలు. ఏం చెప్పను? "లో జొరమండీ" అన్నాను.

లో జ్వరం పైకి కనపడదు, థర్మామీటరుకి అందదు, లోపల్లోపలే మనిషిని తినేస్తుంది. మా వైపు దాన్ని నమ్మని కొంప లేదు. మాస్టారూ నమ్మారు. ఇక ప్రతి నెలా ఆయన ఇంటి నుంచి ఫ్లాస్కులో మిరియాల కషాయం వచ్చేది. అది తాగించి నన్ను వారమేసి రోజులు గట్టు మీద కూర్చోబెట్టేవారు. నొప్పి తగ్గిపోయి కాళ్లు నిలవనంటున్నా సరే, "కూకో" అనేవారు. కాదందామంటే అబద్ధం నాదే. కక్కలేక మింగలేక గట్టు మీద కూర్చుని మిగతావాళ్ల పరుగు చూసేదాన్ని.

ఇంతలో విశాఖపట్నంలో జిల్లా జట్టుకి సెలక్షన్లన్నారు. మా నాన్న అప్పటికే తేల్చేశాడు. "ఈసారి సోటు రాపోతే మానేసి కుట్టుమిషను నేర్సుకో. ఆడపిల్లకి ఎన్నాళ్లీ పరుగులు?" అంటే ఈసారి తప్పితే నాకిక గ్రౌండు లేదు. మాస్టారు ఎవరెవరు రావాలో చెప్పారు. నన్ను రమ్మనలేదు.

"ఏటి మాస్టారూ, నన్నొగ్గేసారు?"

"లో జొరం మడిసిని పోటీలో లగెత్తిస్తే పేణానికే ముప్పు. రేపు మీ అమ్మకేటి సెప్పుకోవాల నాను?"

నాకు ఒళ్లు మండిపోయింది. సిగ్గూ శరమూ గాలికొదిలేశాను. "నాకు జొరమూ లేదు, గిరమూ లేదండి! నెలనెలా ఆడోళ్లకొచ్చేదేనండి!" అని గ్రౌండంతా వినపడేలా అరిచి, ఏడుపు లంకించుకున్నాను.

మాస్టారు మగపిల్లల్ని చుట్టు కొట్టి రమ్మని తరిమేసి, వచ్చి గట్టు మీద కూర్చున్నారు.

"ఓలమ్మా, ఈ ముక్క సెప్పడానికి ఇన్నాళ్లూ నాసేత మిరియాలు నూరించావేటే? నాకూ ఆడపిల్లలున్నారు. సెప్పు. నొప్పి కడుపులోనా, నడుంలోనా? మొదటిరోజు ఎక్కువా, రెండోరోజా? లగెత్తితే పెరుగుతాదా, తగ్గుతాదా?"

అప్పటిదాకా నన్నెవరూ అలా అడగలేదు, మా అమ్మ కూడా. ఆ జవాబులు నాకే తెలియవు. వెతుక్కుని చెప్పాల్సి వచ్చింది. అంతా విని, విశాఖపట్నం నన్నూ రమ్మన్నారు.

సెలక్షన్లకి ఇంకా కొంత వ్యవధి ఉంది. ఆ రోజు నుంచి పరుగయ్యాక పక్కన కూర్చోబెట్టుకునేవారు. "బాగుందండి" అంటే కోపం వచ్చేసేది. "బాగుందంటే నాకేటి తెలుస్తాది? రెండో సుట్టులో ఏ మలుపుకాడ ఊపిరాడ్లేదు? ముందు ఏ కాలు లాగింది? నాను బయటుండి సూస్తన్నాను. లోనున్నదానివి నువ్వు." ఏదైనా కసరత్తు నాకు పడకపోతే పడలేదని చెప్పమనేవారు. పెద్దవాళ్లతో అలా అనొచ్చని నాకు అప్పుడే తెలిసింది. నేను చెప్పినదాన్ని బట్టి ఆయన కష్టమైన పరుగుల్ని ముందుకో వెనక్కో జరిపేవారు. వారాల్లోనే నా పరుగు నాకే ముచ్చటేసేంత మారింది.

కానీ ఆ వారాలు చాల్లేదు. విశాఖపట్నంలో చివరి మలుపు తిరిగేదాకా ముందున్నాను, తర్వాత ఇద్దరు దాటేశారు. నాకు చోటు రాలేదు.

తిరుగు బస్సులో మాస్టారు నా పక్కన కూర్చుని "సెప్పు" అన్నారు. ఏడుస్తూనే మొదలుపెట్టాను. మోచేత్తో పొడిచిన పిల్ల గురించి, మొదటి చుట్టులోనే నేను పడిన తొందర గురించి, మా నాన్న గురించి, కుట్టుమిషను గురించి, పరుగంటే నాకెంత పిచ్చో, మానేస్తే ఎలా బతకాలో తెలియడం లేదని, అన్నీ చెప్పాను. అనకాపల్లి దాటింది, తాళ్లపాలెం దాటింది. వేరుశనక్కాయలవాడు ఎక్కాడు, దిగాడు. ఆయన ఒక్కసారి కూడా మధ్యలో మాట వేయలేదు. నర్సీపట్నం బస్సు కాంప్లెక్సులో దిగేటప్పుడు మాత్రం, "ఏడాది ముందే నానడిగుంటే, నువ్వు గెలిసేదానివే" అన్నారు.

మా నాన్న మాట మీద నిలబడ్డాడు. నాకు కుట్టు వచ్చింది, పెళ్లయింది, రావికమతంలో కాపురం. మాస్టారు పోయారని ఎవరో ఫోన్‌లో చెప్పారు. మా ఆయన మంచివాడే, వంకపెట్టను. "ఏటైంది?" అని అడుగుతాడు, నేను నోరు తెరిచేలోపు టీవీ వైపు తిరిగిపోతాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ నేను కుర్చీలో సర్దుకునేలోపే మందులు రాసేస్తుంది. చెప్పాల్సినవి నాకింకా చాలా ఉన్నాయి.

గెలిచుంటే బాగుండేదన్న బెంగ ఎప్పుడో పోయింది. ఆ బస్సు మీద బెంగ మాత్రం పోలేదు. ఆయన పక్కన ఆ సీటు మళ్లీ దొరుకుతుందంటే, మళ్లీ ఓడిపోయి వస్తాను.