రేడియో సొంత గొంతు

ఆ ఆసుపత్రి లాండ్రీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పనిలో చేరిన మొదటి నెలలోనే సూపర్‌వైజరు గొంతును, అతను దగ్గే దగ్గుతో సహా దించేసింది. ఆ రోజు నుంచి ఆమె రేడియో. డాక్టర్లు, నర్సులు, లిఫ్టులో ఇరుక్కుని కేకలు పెట్టిన వంటమనిషి, ఆఖరికి పాత ఉతుకు యంత్రం ఆగిపోయే ముందు పెట్టే మూలుగు కూడా ఆమె నోట్లో ఉండేవి. అన్నాల వేళ బల్ల చుట్టూ చేరినవాళ్లు "రేడియో పెట్టండర్రా" అనడం, ఆమె మూతి తుడుచుకుని మొదలుపెట్టడం. పంతొమ్మిదేళ్లుగా ఇదే వరస. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈవిడ నోరు మంచిదా కాదా అని మాత్రం ఎవరూ ఆలోచించలేదు. నవ్వొస్తే చాలు కదా.

నవ్వించే మనిషిని ఎవరూ ఆరాలు తియ్యరు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఉద్యోగం కాగితాల మీద ఆమె చదువు ఏడో తరగతి అని ఉంది. ఆ కాగితం నింపింది ఆమె మొగుడు. నిజానికి ఆమె బడి మూడో తరగతితోనే సరి. అక్షరాలు వచ్చు గానీ అవన్నీ కూడి మాటయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. గోడ మీద కొత్త కాగితం అంటిస్తే "కళ్లజోడు మర్చిపోయానే, కాస్త చదివిపెట్టు" అనేది. అసలు ఆమెకు కళ్లజోడే లేదు.

పనిలో ఆమె జోడీ సొంత తోడికోడలు, మరిది పెళ్లాం. పదకొండేళ్ల కిందట చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ పనిలో పెట్టింది రేడియోనే. వేడి రోలర్లోకి తడి దుప్పటి ఎక్కించాలంటే ఇద్దరు కావాలి. అవతల బయటికొచ్చాక చెరో రెండు కొసలూ పట్టుకుని, ఎదురెదురుగా నడిచి, మడత పెట్టాలి. రోజుకు నాలుగు వందల దుప్పట్లు. అంటే నాలుగు వందల సార్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. తోడికోడలు మాట పొదుపు మనిషి. ఈ మధ్య ఆమె మణికట్లు రెండూ వాచి, గుడ్డ చుట్టుకుని పనిచేస్తోంది. బరువులు ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఎత్తకపోతే ఏం తినాలో ఆయన చెప్పలేదు.

అలాంటప్పుడు కొత్త యంత్రాలు వచ్చాయి. వాటికి మీటలూ బొత్తాలూ లేవు. అద్దం మీద రాతలు వస్తాయి, చదివి వేలితో నొక్కాలి. స్టూలు మీద కూర్చుని చేసే పని, బరువుల్లేవు. పరీక్ష పాసైన నలుగురికి ఆ స్టూళ్లు ఇస్తామన్నారు. చదువు రానివాళ్లకు సోమ, బుధ, శుక్రవారాలు మూడింటి నుంచి నాలుగింటి దాకా, డ్యూటీలోనే క్లాసు. వరసగా మూడుసార్లు రాకపోతే పేరు కొట్టేస్తారు, ఇక పరీక్ష లేదు. ఐదో తరగతి దాటినవాళ్లకు క్లాసు అక్కర్లేదన్నారు. రేడియో బతికిపోయింది. "నేరుగా పరీక్ష రాయొచ్చుగా" అని ఎవరో అంటే "నాకెందుకమ్మా ఆ అద్దాలు, నా రోలరే నాకు ముద్దు" అని రోలరుకు ముద్దు పెట్టబోయినట్టు నటించి తప్పించుకుంది. తోడికోడలు మాత్రం అందరికంటే ముందు పేరు రాయించుకుంది.

ఓ శనివారం అన్నాల దగ్గర ఒకామె అంది, "రేడియో, ఇవాళ క్లాసు పెట్టవే. మీ తోడికోడలు ఎలా చదువుద్దో చూపించు."

కాదనొచ్చు. కానీ బల్ల చుట్టూ పదిహేను మొహాలు ఆమె వైపు తిరిగి ఉన్నాయి. బట్టలుతికే మందు డబ్బా ఒకటి అందుకుని, దాని మీది రాత కింద వేలు పెట్టింది. "చే… తి… కి… తొ… తొడు… గులు… లే… లే… లేకుం…" మధ్యలో ఒక గుటక. నుదురు గోక్కోవడం. మళ్లీ మొదటికి రావడం. బల్ల అదిరిపోయింది. "అచ్చం ఆవిడే!" అని ఒకామె పొలమారి దగ్గింది.

అప్పుడు చూసింది రేడియో. గుమ్మంలో తోడికోడలు, చేతిలో టిఫిన్ డబ్బా. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. ఏడ్చినా, తిట్టినా బాగుండేది. నవ్వి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

అసలు సంగతి ఏమిటంటే, తోడికోడలు చదవగా రేడియో ఒక్కనాడూ వినలేదు. క్లాసులో పైకి చదివే వంతు ఆమె దాకా ఇంకా రానేలేదు. ఆ తడబాటు, ఆ గుటక, ఆ నుదురు గోక్కోవడం రేడియోవే. స్నానాలగదిలో తలుపు వేసుకుని సబ్బు కాగితం మీది రాత చదవబోయినప్పుడల్లా ఆమె అలాగే గుటకలు మింగేది. ఇన్నేళ్లలో మొదటిసారి సొంత గొంతు బయటపెట్టింది, దాన్ని తీసుకెళ్లి పక్కమనిషి నెత్తిన రుద్దింది. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. ఈవిడకు తెలుసు. తెలిసే చేసింది.

సోమవారం తోడికోడలు క్లాసుకు వెళ్లలేదు. బుధవారమూ వెళ్లలేదు.

"వెళ్లవేమే?" అని గురువారం దుప్పటి మడతల మధ్య అడిగింది రేడియో. "రేపు కూడా పోకపోతే పేరు కొట్టేస్తారంట."

"తెలుసక్కా."

"మరి?"

"ఇప్పుడు నా వంతొచ్చింది. పైకి చదవాలి." తోడికోడలు దగ్గరికొచ్చి, రేడియో చేతిలోని కొసలు అందుకుంది. "నేను నోరు తెరిస్తే వాళ్లకి నీ రేడియోనే వినిపిస్తుంది. చేతుల నొప్పంటే ఓర్చుకుంటున్నా. అది నావల్ల కాదు."

గొంతులో కోపం లేదు. ఆ మాటల తర్వాత ఇంకా రెండు వందల దుప్పట్లు మిగిలాయి. రెండు వందల సార్లు ఆ మొహానికి ఎదురుగా నడవాల్సి వచ్చింది. చచ్చేంత సిగ్గేసింది రేడియోకు. నిజం చెబితే పంతొమ్మిదేళ్ల పరువు పోతుంది, చెప్పకపోతే ఆ చేతులు పోతాయి. తేలు కుట్టిన దొంగలా తల దించుకుని మడతలు పెట్టింది.

సాయంత్రం ఇంటి ముందు మరిది ఎదురయ్యాడు. "వదినా, మా ఆవిడ బాగా చదువుతోందా? నన్నడిగితే ఏమీ చెప్పదు. ఆ స్టూలు పని దొరికితే చాలు, నేను దండం పెట్టుకుంటా."

"చదువుతోందయ్యా" అంది రేడియో. ఆ అబద్ధం చెప్పి గబగబా లోపలికి పోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఆమే ఎంతమందికో చెప్పింది, చనిపోయిన అత్తగారి గొంతుతో. ఇప్పుడు ఆ గొంతు ఆమెకే వినిపించింది.

శుక్రవారం మూడింటికి ఐదు నిమిషాలుందనగా రోలరు దగ్గర చేతులు తుడుచుకుంది.

"రా, క్లాసుకి పోదాం."

"నేను రానక్కా."

"అయితే రాకు. నేను పోతున్నా."

చిరుగులు కుట్టే గదిలో కుట్టుమిషన్లు గోడకు జరిపి బల్లలు వేశారు. మూలన చిరిగిన దిండు గలీబుల గుట్ట. రేడియోను చూడగానే గదికి ప్రాణం లేచొచ్చింది. "రేడియో వచ్చిందర్రా!" టీచరమ్మ రేడియో కూతురికంటే చిన్న పిల్ల. వచ్చినవాళ్ల పేర్లు పిలుస్తూ తోడికోడలి పేరు దగ్గర ఆగింది. పలికేవాళ్లు లేరు. కలం ఎత్తింది.

"ఆగండమ్మా. ఆ వంతు నేను చదువుతా."

"మీ పేరు నా దగ్గర లేదండీ."

"లేదు. ముందు చదవనివ్వండి."

పుస్తకం తీసుకుని వేలు పెట్టింది. "యం… యంత్… యంత్రం… తి… తిరు… గుతుం…" గది గొల్లుమంది. "అచ్చం! అచ్చం అలాగే!" అంటూ ఒకామె బల్ల చరిచింది. రేడియో తలెత్తలేదు. మొదటి వరస అయింది, రెండో వరసకు వెళ్లింది. మామూలుగా అయితే ఈపాటికి ఆపి కన్ను కొట్టాలి. ఆమె ఆపలేదు. మూడో వరసలో ఒక మాట ఎంత గుంజినా రాలేదు. నుదురు గోక్కుంది. చెమట బొట్టు కాగితం మీద పడింది. "ఇక చాల్లేవే" అంది ఎవరో, నవ్వు సగంలో మింగి. ఆమె మళ్లీ మొదటికి వచ్చింది. గదిలో ఒక్కొక్కరే నవ్వడం మానేశారు.

"ఆ మాట రావట్లేదమ్మా" అంది చివరికి, టీచరమ్మతో. తర్వాత అందరి వైపూ తిరిగింది. "మొన్న నేను చేసింది మా తోడికోడలి చదువు కాదు. ఆవిడ చదవగా నేనెప్పుడూ వినలేదు. అది నాది. నేను చదివింది ఏడు కాదు, మూడు. రాసుకోండి."

గుమ్మం దగ్గర సూపర్‌వైజరు దగ్గాడు. ఆ దగ్గుకు ఎవరూ నవ్వలేదు. అతని వెనకాల తోడికోడలు నిలబడి ఉంది. ఒక్క మనిషితో రోలరు నడవదు గదా, పిలుచుకుపోవడానికి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విందో.

"వచ్చారా? కూర్చోండి" అంది టీచరమ్మ, ఎత్తిన కలం దించుతూ.

తోడికోడలు రేడియో పక్కన కూర్చోలేదు. ముందు బల్ల దగ్గర కూర్చుంది. పుస్తకం తీసుకుని అదే పేజీ మొదటి నుంచి చదివింది. నెమ్మదిగానే, కానీ ఒక్కో మాటా మొత్తంగా. రేడియో ఇరుక్కున్న మాట దగ్గర ఆగలేదు. ఎవరూ నవ్వలేదు. తోడికోడలు వెనక్కి తిరిగి చూడనూ లేదు.

నాలుగింటికి మళ్లీ రోలరు దగ్గరికొచ్చారు. వంద దుప్పట్లు మడిచారు. నూటొకటో దానికో, నూటరెండో దానికో, దగ్గరికొచ్చి ఆగింది తోడికోడలు.

"అక్కా, ఆ రోజు అచ్చం నాలాగే ఉందన్నారుగా అందరూ?"

"ఊ."

"నాలాగా ఏం లేదు. నేను నీకంటే బాగా చదువుతాను."

ఏదో ఒక గొంతులో జవాబు చెబుదామని రేడియో నోరు తెరిచింది. డాక్టరుదో, సూపర్‌వైజరుదో, అత్తగారిదో. ఏదీ రాలేదు.

"అవునే" అంది తలవంచుకుని. తోడికోడలు ఆమె చేతిలోని కొసలు అందుకుంది.