శనగగింజంత రుఖయ్యా

కోరుట్లలో బీడీలు చుట్టే రుఖయ్యాకు కడుపునొప్పి ఇరవై ఏళ్ల చుట్టం. పిలవకపోయినా నెలనెలా వచ్చేది, వారం తిష్ఠ వేసేది. గర్భసంచి లోపలి పొర దాని గోడలోకే చొచ్చుకుపోయిందని, తీసెయ్యక తప్పదని జగిత్యాల డాక్టరమ్మ తేల్చింది. అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సుల్లేవు.

ఆపరేషన్‌కు ముందు కూతురు సమ్రీన్ మంచం పక్కన చేరింది. హైదరాబాద్ ల్యాబులో ఆమె పని ఆ జబ్బు మీదే.

“అమ్మీ, శనగగింజంత ముక్క ఇయ్యి. గాజుగిన్నెల పెంచుత. మందులు ముందుగాల దాని మీద చూస్తం.”

రుఖయ్యా మొహం తిప్పుకుంది. ఒంటి నుంచి తెగింది ఏదైనా మట్టికే చేరాలి. మామగారి తెగిన వేలు కూడా ఖబరస్తాన్‌లోనే ఉంది. భర్త హబీబుద్దీన్ అప్పటికే తెల్లగుడ్డ తెచ్చిపెట్టాడు.

“సగం మట్టిల, సగం గిన్నెల. ఖయామత్ నాడు అల్లా లేపితే ఏడికెల్లి లేవాలె?”

సమ్రీన్ ఇంత చదువూ ఇలాంటి చోటే చేతులెత్తేస్తుంది. చివరికి రుఖయ్యానే అంది: “నువ్వు గూడ నెలనెలా గిట్లనే పొర్లుతవు గద. తీస్కపో.”

ఆపరేషన్ అయ్యాక, గుడ్డలో చుట్టిన మిగతా సంచి కోరుట్ల మట్టికి చేరింది. ముక్కను మంచు డబ్బాలో పెట్టుకుని సమ్రీన్ కిరాయి కారెక్కింది. మర్నాటికల్లా ల్యాబు చేరకపోతే అది చచ్చిపోతుంది. ఆసుపత్రి మంచం మీద మత్తు దిగని రుఖయ్యాకు తానే ఆ డబ్బాలో పడుకుని పోతున్నట్టుంది. వీపు కింద చల్లగా, పైన మబ్బులు జరుగుతూ, మక్కచేన్లు ఊగుతూ, ఎక్కడా నొప్పన్నదే లేకుండా. హాయిగా ఉంది.

సిరిసిల్లలో దారి ఆపి, నడిరోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు. రాళ్లపొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. వండుతున్న కనకవ్వ గరిటె అడ్డంపెట్టి కారు ఆపింది.

“డబ్బల ఏందే?”

“మా అమ్మ గర్భసంచి ముక్క. గిది బతికుంటేనే జబ్బుకు మందు ఎతకొస్తది.”

కనకవ్వ గరిటె దించింది. “నాది ముప్పై ఏండ్లకే తీసేసిండ్రు. ఏడ పారేసిండ్రో గూడ చెప్పలే.” వెనక్కి తిరిగి కేకేసింది. “గంజు దించుండ్రి! పొయ్యి జరుపుండ్రి!”

సగం ఉడికిన అన్నం పక్కకు జరిగింది. కారు దాటింది.

పదోనాడు ఫోన్ వచ్చింది. “బతికినయ్ అమ్మీ! చిన్నచిన్న బుడగల లెక్క అయినయ్. రోజు ఇడిసి రోజు తిండి పెడుతున్న.”

రుఖయ్యాకు ఏడుపొచ్చింది. “వాటికి నొప్పుంటదా బేటా?”

“ఉండదమ్మీ.”

“మరి నీ నొప్పికి మందు దొరుకుతదా?”

“తెల్వదు. ఏండ్లు పడుతది.”

“గట్లయితే ఇంకింత తీస్కపోతే అయిపోతుండె గద బిడ్డా!”